కూర్చుండిపోయే వంశం

ఇంకా ప్రార్థనే నడుస్తోంది. గోడకి అవతలి నుంచి మాటలు అందడం లేదు గానీ, నాన్న గొంతు ఒక్కో మాట దగ్గరా ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ కదులుతోందని కెజియాకి తెలుస్తూనే ఉంది. దేవుణ్ణి ఏదో ఒకటి అడిగేవాళ్ళ ప్రార్థన చటుక్కున తేలిపోతుంది. ఫలానాది కావాలి, దయచెయ్యి, ఆమెన్. నాన్న అడగడు. థియోఫిలస్ బేనన్ బోధకుడై పంట్‌గ్లాస్ మందిరం వేదిక ఎక్కినప్పటి నుంచీ దేవుణ్ణి ఒక్కటంటే ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. సృష్టికి నియమాలున్నాయి, మనకోసం అవి పక్కకి జరగవు, జరగమనడం మర్యాద కాదు, అంటాడు. ఆ మధ్య గడ్డి ఎండిపోయి పశువులు అల్లాడుతుంటే, చుట్టుపక్కల మెథడిస్టులందరూ వాన కోసం మోకాళ్ళు అరగదీసుకుంటుంటే, ఈయన మాత్రం మబ్బు ఎలా పుడుతుందో వరసగా మూడు ఆదివారాలు వివరించాడు. తర్వాతి వారం వాన పడింది. మా ప్రార్థన ఫలించిందని మెథడిస్టులు ఊరంతా చెప్పుకున్నారు. అలా అనుకోవడానికి వాళ్ళకి హక్కుంది, అన్నాడు నాన్న. అదీ ఆయన. ఇవాళ ఒక్కరోజుకి, ఉన్న ఒక్క కూతురి కోసం, ఆ పెద్దమనిషి కాస్త దిగివచ్చి, మా పిల్లకి బడి ఇప్పించు తండ్రీ అని మనసులోనైనా అనుకుంటే ఆయన సొమ్మేం పోతుంది. అనుకోడు. ఒకవేళ పొరపాటున అనుకున్నా, వెంటనే పోటీలో ఉన్న ఎమ్లిన్ కోసం కూడా అంతే బరువుగా అనుకుని తూకం సరిచేస్తాడు.

పొయ్యి మీద పెద్ద కెటిల్లో నీళ్ళు ఇంకా కాగలేదు. సభ అయ్యాక అందరికీ టీ ఇవ్వాలి కదా, అందుకని తాను ఈ బడిగదిలో ఉన్నట్టు. ఎవరైనా అడిగితే అదే చెప్పొచ్చు. ఆరాధన కాగానే సభ్యులు మందిరంలోనే ఉండిపోయారు, బడికి కొత్త పంతులుని ఎన్నుకోవడానికి. బడి మందిరానిది, ఓటు సభ్యులది, ఆడా మగా తేడా లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం, త్రిత్వం లేదు దేవుడు ఒక్కడే అనే ఈ యూనిటేరియన్ల గొప్ప ఒప్పుకోవాలి. నాన్నకి చూపు మందగించింది. ఆదివారం బోధ చాలు, బడి ఇక నావల్ల కాదు అన్నాడు. ఇప్పుడు పైకి అన్నాడు, అంతే. బడి ఆయన చేతిలోంచి జారి కూతురి ఒళ్ళో పడి పదకొండేళ్ళయింది. రైతుల పిల్లలకి లాటిన్ చెప్పేదెవరు, రేఖాగణితం చెప్పేదెవరు, కుమ్మరి కొడుకు మొండికేస్తే వాళ్ళ ఇంటిదాకా బురదలో నడిచి వాణ్ణి చెవి పట్టుకుని తెచ్చేదెవరు. చివరికి ఇంగ్లీషు చర్చిలో పాదిరీలు కావాలనుకునే కుర్రాళ్ళు కూడా గ్రీకు కోసం సిగ్గు విడిచి ఈ బల్లల దగ్గరికే వచ్చి కూర్చుంటారు, మూడు దేవుళ్ళ చర్చికి కావలసిన గ్రీకు ఒక్క దేవుడి బడిలో నేర్చుకుంటారు. వాళ్ళకీ ఆమే చెప్పింది. పేరు మాత్రం నాన్నది, ఆమె సహాయకురాలు. ఇవాళ ఆ మాట పోవాలి. పోకపోతే, పంతులుకిచ్చే ఇల్లు ఎమ్లిన్‌కి పోతుంది, నాన్న వెళ్ళి జేబెజ్ బాబాయి ఇంట్లో ఉంటాడు, తాను స్వాన్సీలో ఏ ఓడల వ్యాపారి ఇంట్లోనో ఇద్దరు ఆడపిల్లలకి ఫ్రెంచి చెప్పుకుంటూ వెనక మెట్ల మీంచి ఎక్కుతూ దిగుతూ ముసలిదైపోతుంది. ఈ బల్లలు ఉండవు. ఈ సిరా వాసన ఉండదు. ఉదయం పూట తడి కోట్ల ఆవిరిలో ఇరవై గొంతులు ఒకే క్రియని తప్పుగా చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కే ఆ సుఖం ఉండదు.

సుఖమే మరి. ఇంకేమనాలి. తిట్టుకుంటూనే బతికింది, కానీ అది ఆమె బతుకు.

ప్రార్థన అయింది. బల్లలు కిర్రుమన్నాయి. ఇప్పుడు చర్చ. పంట్‌గ్లాస్‌లో ఓటంటే చెయ్యెత్తడం కాదు, చీటీ రాయడం కాదు, లేచి నడవడం. ఒకరికి గడియారం ఉన్న గోడ, ఇంకొకరికి కిటికీల గోడ. నమ్మినదాని వైపు మనిషి మొత్తం వెళ్ళాలి, ఒక్క చెయ్యి వెళ్తే చాలదు అని ముత్తాత కాలంలో పెట్టుకున్న పద్ధతి. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు, మనస్సాక్షి అడ్డొచ్చినవాళ్ళు కూర్చోవచ్చు. ఆ వెసులుబాటు ఎందుకు పెట్టారో గానీ దాన్ని బేనన్లు వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు. ముత్తాత కూర్చున్నాడు, తాత కూర్చున్నాడు, నాన్న కూర్చుంటాడు. మందిరానికి కొత్త కప్పు వెయ్యాలా వద్దా అన్నప్పుడు, వాన కారేది తమ ఇంటివాళ్ళ బల్ల మీదే కాబట్టి స్వార్థం అవుతుందని ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. కప్పు పడలేదు. కెజియా చిన్నతనమంతా ఎడమ భుజం తడుస్తూనే దైవవాక్యం విన్నది. అమ్మ ఒక గొడుగు తెచ్చి విప్పబోతే, అది సభ నిర్ణయాన్ని వెక్కిరించినట్టవుతుందని నాన్న మెల్లగా మూయించాడు. అమ్మ ఆ గొడుగు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు కారుతున్న ముఖంతో కూతురి వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది ఏ బోధకుడూ చెప్పలేనంత బోధ.

అమ్మ వేరే తోటలోంచి వచ్చిన మొక్క. హన్నా. మెథడిస్టుల పిల్ల. యూనిటేరియన్లున్న ఈ ఏటి ఒడ్డునంతా నల్లమచ్చ అని పిలిచే మెథడిస్టుల ఇంట పుట్టి, ఆ నల్లమచ్చ నడిబొడ్డుకే కోడలై వచ్చింది. పిండి పిసుకుతూ పుట్టింటి పాటలు పాడుకునేది, యేసు రక్తం, యేసు గాయం అంటూ కళ్ళు తుడుచుకుంటూ. నాన్న ఏనాడూ వద్దనలేదు. ఆమె విశ్వాసం ఆమెది అని లేచి, తలుపు దగ్గరగా వేసి, ఆమె స్వేచ్ఛగా పాడుకోవాలని పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఎంత గౌరవం. ఆ గౌరవంతో అమ్మ గుండె ఎండిపోయింది. ఆమెకి కావలసింది ఒక మనిషి పక్కన నిలబడి, సుతి తప్పినా సరే, గొంతు కలపడం. మీ వాళ్ళు న్యాయంగా ఉండి ఉండి నా ప్రాణం తోడేస్తున్నారే అమ్మాయ్, అంది ఒకసారి రొట్టె పొయ్యిలో పెడుతూ. కెజియాకి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో. ఆ మధ్యాహ్నమే అనుకుంటా, ఉరుములు. కొండ వెనక నుంచి వచ్చిన ఉరుము ఇంటి గిన్నెలన్నీ కదిలించేసరికి ఆమె పరుగెత్తుకెళ్ళి నాన్న కోటు పట్టుకుని, దేవుడు మనతోనే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడమ్మా అంటే సరిపోయేది. నాన్న పుస్తకం మూసి, ఆమెను ఎత్తుకుని, అది చాలా మంచి ప్రశ్న, నువ్వేమనుకుంటున్నావు, నీకు అలా అనిపించడానికి ఆధారం ఏమిటి, అన్నాడు. పిల్ల వణికిపోతుంటే ఆధారం అడిగాడు. అయినా ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న చేతులు గట్టిగానే పట్టుకున్నాయి. అదే కదా వచ్చిన చిక్కు, ఈ మనుషులతో పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

జేబెజ్ బాబాయి లేచినట్టున్నాడు. కర్ర చప్పుడు, దగ్గు, మళ్ళీ దగ్గు. ఆయన మాట్లాడితే రెండు పక్కలా సమానంగా మాట్లాడతాడు. ఒక పక్క రెండు వాక్యాలు ఎక్కువైతే రెండో పక్కకి దగ్గు కలిపి సరిపెడతాడు. ఆయన తండ్రి, అంటే కెజియా తాత ఎబెనేజర్, ఇంకా ఘనుడు. ఎగువ ఊరి కాల్వినిస్టు బోధకుడు ఈయన్ని సైతాను మేనమామ అని ఊరూరా తిట్టేవాడు. ఆ తిట్టే ఆయనకి ఓ ఆదివారం గొంతు పూడుకుపోయింది. తాత గుర్రమేసుకుని వెళ్ళి, పరామర్శించి, బోధ రాసుకున్నావా నాయనా అని అడిగి, ఆ కాయితాలు పుచ్చుకుని, ఆ మందిరంలో ఆ వేదికెక్కి, యూనిటేరియన్లు నరకానికి పోతారని రాసిన బోధ అక్షరం పొల్లు పోకుండా, మంచి ఊపుతో చదివి వచ్చాడు. రాసినవాడు చదవలేనప్పుడు వాడి వాదన వాడి బలంతోనే వినిపించాలి గదా, అన్నాడట. ఇంటికొచ్చాక నానమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అందులో కూడా నానమ్మదే న్యాయమని ఆయన ఒప్పుకున్నాడు. ఇలాంటివాళ్ళతో పోట్లాట పెట్టుకోవడం ఎలాగో ఆ ఇంటి ఆడవాళ్ళకి తెలిసేది కాదు. గుప్పెట బిగించి కొడదామంటే అవతల ఎప్పుడూ మెత్తటి దిండే.

తమ్ముడు గెథిన్ మాత్రం తక్కువా. అబెరైరన్‌లో బడిపంతులు, కానీ సభ్యత్వం ఇక్కడే, పొద్దున్నే గుర్రమ్మీద తడుస్తూ వచ్చాడు. పెళ్ళి కుదిరిన పిల్ల తండ్రి దగ్గర కూర్చుని తన మంచీ చెడూ రెండూ చెప్పడం ధర్మమనుకుని, మంచి చెప్పుకోవడం డాబు అవుతుందని చెడు మాత్రం వివరంగా చెప్పి వచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడు బట్టల కొట్టు యజమాని భార్య, ముగ్గురు పిల్లలు. పొద్దున్న వాడి కోటు పొయ్యి దగ్గర ఆరబెడుతూ, ఏరా, నువ్వెటు నడుస్తావు అని అడిగితే, అక్కా నువ్వది నన్ను అడగకూడదు, నేను చెప్పకూడదు అన్నాడు. ఆ ముఖం చూడగానే అర్థమైపోయింది, కూర్చుంటాడు వీడు. చెల్లెలైనా అక్కయినా రక్తసంబంధం కదా, చూపు చెదురుతుంది కదా, అందుకని అసలు చూడకపోవడమే మేలు కదా. ఊళ్ళో వాళ్ళు తమ తమ్ముళ్ళకీ బావమరుదులకీ నిక్షేపంగా వేసుకుంటారు, రాత్రి హాయిగా నిద్రపోతారు. ఈ ఇంట్లో పుట్టినందుకు కెజియాకి ముగ్గురి ఓట్లు నష్టం. పరాయింట్లో పుట్టి ఉంటే ఈ ముగ్గురూ తన వైపు నడిచేవాళ్ళేమో. ఏమో ఏమిటి, ఏమనుకుంటారో ఎవరికి తెలుసు. బడి మొదలుపెట్టిన నాటి నుంచి ఆమె బాగా చెప్తుందనో చెప్పదనో ఆ ముగ్గురిలో ఒక్కరు అంటే ఒట్టు.

వాళ్ళని అనడం దేనికి, తాను తక్కువ తిందా. ఇది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. ఎమ్లిన్ హవార్డ్ ఇదే రెండో బల్లలో కూర్చుని ఆమె దగ్గర చదువుకున్నవాడు, తర్వాత గ్లాస్గో వెళ్ళి పట్టా తెచ్చుకున్నవాడు, మంచివాడు, నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి. చలికాలంలో ఓ రోజు వచ్చి, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, టీచరుగారూ, మీరు నిలబడుతున్నారట కదా, అలాగైతే నేను పేరు ఇవ్వను, అన్నాడు. వాణ్ణి అక్కడికక్కడ రొట్టె ముక్క చేతిలో పెట్టి పంపేస్తే ఈ గొడవే లేదు. పంపిందా. అబ్బే. బేనన్ల పిల్ల కదా. పోటీ లేకుండా గెలిస్తే అది గెలుపు కాదు బాబూ, సభ్యులకి ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే హక్కుంది, నువ్వు ఇచ్చి తీరాలి, అని నచ్చజెప్పింది. వాడు వద్దంటాడు, ఈవిడ ఇయ్యమంటుంది. చివరికి వాడు ఒప్పుకున్నాక ఎంత మంచి పని చేశానో అని ఓ పూట పొంగిపోయింది కూడా. వాడు ఇప్పుడు, తనవల్ల ఎవరికీ మొహమాటం కలగకూడదని, గుర్రాల కొట్టంలో నిలబడి తడుస్తున్నాడు. ఇక ఇవాళ. సభ మొదలవుతుండగా, ఎవరూ పొమ్మనకుండా, నలుగురూ తన గురించి చర్చించుకుంటుంటే ఎదుట ఉండడం బాగుండదని లేచి ఇక్కడికి వచ్చేసింది. సభ్యురాలు కాదూ తను. ఓటు లేదూ తనకి. వచ్చేటప్పుడు నాన్న వేదిక మీంచి కళ్ళు చికిలించి చూసి, మెచ్చుకున్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి ఆమెకి సంతోషమేసింది. సంతోషం. ఇప్పుడు కెటిల్ మూత పట్టుకుని విసిరి కొట్టాలనిపిస్తోంది.

చర్చ ఆగింది. పిండిమర రేచెల్ గొంతు ఒక్కటే కాసేపు గట్టిగా వినిపించింది, పిండిమర చప్పుడు మీద అరిచి అరిచి ఆ గొంతుకి గోడలు అడ్డు కావు: నా మనవడు ఆ పిల్ల దగ్గర చదివి లెక్కలు నేర్చాడు, నాకది చాలు, ఇంక లేచి నడవండి నాయనా, మాంసం మాడిపోతోంది ఇంట్లో. నవ్వులు. తర్వాత అడుగులు. రాతినేల మీద చెక్క అడుగుల బూట్లు, మేకుల బూట్లు, ఆడవాళ్ళ గౌన్ల గరగర. కెజియా చెవి గోడకి ఆనించలేదు, ఆనించడం తప్పు. గోడ పక్కనున్న బీరువా తుడవడం మొదలుపెట్టింది. గడియారం వైపు ఆమెది. అటు రేచెల్ వెళ్ళింది, ఆ అడుగుల బరువే వేరు. అటు ఇంకా కొందరు. కిటికీల వైపు అంతే మంది, లేకపోతే కాస్త ఎక్కువో. పాలమ్మే ముసలాయన కిటికీల వైపే. మగ పంతులు లేకపోతే కుర్రాళ్ళు చెడిపోతారని ఆయన ఎప్పుడూ అంటాడు, పోనీ పైకి అంటాడు, అదే నయం. ఇక కర్ర చప్పుడు రావాలి. రాలేదు. గెథిన్ కొత్త బూట్లు కిర్రుకిర్రుమంటాయి, పొద్దున్న ఇల్లంతా కిర్రుమనిపించాడు. రాలేదు. అన్ని అడుగులూ సద్దుమణిగాక, ఖాళీ బల్లల మధ్య తన వాళ్ళు ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని పవిత్రంగా కూర్చుని ఉండటం గోడ ఇవతలి నుంచే కనిపించింది ఆమెకి. నాన్న లెక్కపెడుతున్నాడు. మళ్ళీ లెక్కపెడుతున్నాడు. తొందరపాటు తగదని మూడోసారి కూడా పెడతాడు.

కెటిల్ మరిగి మూత ఎగురుతోంది. దించింది. తలుపు తెరుచుకుని నాన్న వచ్చాడు, గొంతు చుట్టూ ఉన్నిగుడ్డతో, కళ్ళు చికిలిస్తూ, గదిలో ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ.

"అమ్మాయ్, సమానంగా వచ్చాయి."

"మీ ఓటు ఉందిగా నాన్నా, అధ్యక్షుడిది."

"ఉంది. వెయ్యను. ఎలా వేస్తాను, నువ్వు నా కూతురివి." చాలా మామూలుగా అన్నాడు, టీలో పాలు వద్దన్నట్టు. "అందుకని సభ ఏమందంటే, నువ్వు సభ్యురాలివి, నిన్ను వెళ్ళమన్నది ఎవరూ లేరు, వచ్చి నడవాలంటే నడవచ్చు. లేదంటే మనం తేల్చుకోలేకపోయామని కార్మార్థెన్‌లో మన కాలేజీకి రాసేస్తే, అక్కడివాళ్ళే ఎవరినో ఒకరిని పంపుతారు. రెండూ సమ్మతమే."

"మీకు ఏది సమ్మతం?"

"నా సమ్మతంతో పనేముందమ్మా."

కెజియా తుడుపుగుడ్డ బల్ల మీద పడేసింది. "పనుంది. పదకొండేళ్ళ నుంచి ఇదే గదిలో, మీ కళ్ళ ముందే చెప్పాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని వినేవారు. నేను బాగా చెప్తానా లేదా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "బాగా చెప్తావు. నాకంటే బాగా చెప్తావు. మా నాన్నకంటే కూడా. ఆ కుర్చీలో కూర్చుని వింటూ చాలాసార్లు అనుకున్నాను, ఈ క్రియ నాకు ఇలా ఎవరూ చెప్పలేదే అని."

"మరి ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదేం?"

"తండ్రిని కదమ్మా. నా సాక్ష్యం చెల్లదు."

ఆ మాటకి ఏం చెయ్యాలి. నవ్వాలా, ఏడవాలా, ఆ ఉన్నిగుడ్డ పట్టుకుని రెండు గుంజులు గుంజాలా. అన్నేళ్ళు ఆ ఒక్క మాట కోసం ఆమె ఎదురుచూసింది, ఎదురుచూస్తున్నట్టు తనకే తెలియకుండా. ప్రతి సాయంత్రం పలకలు సర్దుతూ ఆ కుర్చీ వైపు ఓసారి చూసేది, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ మాట ఆయన దగ్గర ఉంది. అంతకాలమూ ఉంది. చెల్లదని లోపల దాచుకున్నాడు. అమ్మ పాట పాడుతుంటే తలుపు దగ్గరగా వేసినవాడు ఇతనే కదా. కోపమూ ప్రేమా ఒకేసారి తోసుకొస్తే ఏది ముందో తెలియదు. కోపమే ముందు వచ్చింది, అలవాటైన దారి కదా. పదండి, అంది, ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు దాటించి, మందిరంలోకి నడిచింది.

రెండు గోడల దగ్గరా జనం నిలబడి ఉన్నారు, తడి ఉన్ని వాసన. మధ్యలో ఖాళీ బల్లలు, వాటిల్లో తన వాళ్ళు ఇద్దరు, సరిగ్గా అనుకున్నట్టే, చేతులు ఒళ్ళో. గడియారం వైపు నుంచి రేచెల్, రావమ్మా రా, వచ్చి నిలబడు, తెమలిపోతుంది, అంది. కెజియా అటు వెళ్ళలేదు. బల్లల మధ్య ఆగింది.

"బాబాయ్, లేవండి. గెథిన్, నువ్వు కూడా. నా వైపు రమ్మని కాదు. ఎవరు బాగా చెప్తారని మీరు అనుకుంటున్నారో అటు నడవండి. మీరు నడిస్తేనే నేను నడుస్తాను. మీరు కూర్చోవడం నాకు న్యాయమూ కాదు, ఎమ్లిన్‌కి న్యాయమూ కాదు, ఊరికే మీ చేతులకి మట్టి అంటకుండా చూసుకోవడం."

ఇంత గట్టిగా ఈ మందిరంలో ఒక బేనన్ మాట్లాడటం ఎవరూ విని ఉండరు. జేబెజ్ బాబాయి కర్ర మీద బరువు వేసి మెల్లగా లేచాడు. లేచి, ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు.

"అడిగావు కాబట్టి చెప్తున్నా అమ్మాయ్. తెలివైన పిల్లలకి నిన్ను మించిన పంతులు లేరు. మొద్దు పిల్లల మీద నీకు ఓపిక లేదు. ఆ కుర్రాడికి ఉంది." అని కిటికీల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

చెంప మీద కొట్టినట్టయింది. అబద్ధమని అనడానికి నోరు తెరిచి, కుమ్మరి కొడుకు ముఖం గుర్తొచ్చి మూసుకుంది. నిజమే. అయితే విచిత్రం, నొప్పితో పాటు ఇంకేదో ఊరట కూడా కలిగింది. ఇంతకాలానికి తనవాళ్ళలో ఒకడు తనని పరీక్షగా చూశాడు, చూసింది చూసినట్టు చెప్పాడు. ఈలోగా కిర్రుకిర్రుమని బూట్ల చప్పుడు. గెథిన్ ముఖం ఎర్రగా కందిపోయి, ఎవరి వైపూ చూడకుండా, గడియారం కిందికి వెళ్ళి నిలబడ్డాడు. పెళ్ళివారింట్లో కూడా వాడు అంత ధైర్యం చేసి ఉండడు. లెక్క మళ్ళీ సమానం. అందరి తలలూ మెల్లగా నాన్న వైపు తిరిగాయి.

"అధ్యక్షుడు నడిస్తే లెక్కపెట్టేదెవరు," అన్నాడు నాన్న, పెద్దల బల్ల అంచు పట్టుకుని.

"మేం పెట్టుకుంటాం లెండి పాస్టరుగారూ, మీ బళ్ళోనే కదా నేర్చుకున్నాం," అంది రేచెల్.

కూతురు అడగలేదు. ఇందాక అడగాల్సినదంతా అడిగేసింది, ఇంకో మాట అంటే ఏడుపు వస్తుంది. దేవుణ్ణి ఏమీ అడగని మనిషి, తన బల్ల మీద వాన కారుతున్నా కప్పు వెయ్యమనని మనిషి, బల్ల అంచు వదిలి, కాలితో మెట్టు వెతుక్కుని దిగాడు. చూపు సరిగా లేదు కదా, ఖాళీ బల్లల అంచులు ఒక్కొక్కటీ తడుముకుంటూ నడిచాడు. ఎవరో చెయ్యి ఇవ్వబోతే రేచెల్ వద్దని కళ్ళతో ఆపింది. గడియారం కింద గోడ చేతికి తగిలాక, అదే గోడా కాదా అని ఓసారి తడిమి చూసుకుని, ఇటు తిరిగి నిలబడ్డాడు.

అయిపోయింది. ఒక్క ఓటు తేడా. బడి ఆమెది. కెజియా ఇంకా మధ్యలోనే ఉంది, బల్ల అంచు పట్టుకుని, ఓటు వెయ్యకుండా. ఆ క్షణంలో, ఏం రక్తమో ఏమో, కాళ్ళు కిటికీల వైపు లాగాయి. ఎమ్లిన్ మంచివాడు కదా, కొట్టంలో తడుస్తున్నాడు కదా, మొద్దు పిల్లలకి వాడే మేలని బాబాయి అన్నది నిజమే కదా, ఎలాగూ గెలిచాం కాబట్టి మర్యాదకి ఒక్క ఓటు. ఒక్క ఓటు అటు వేస్తే మళ్ళీ సమానం. మళ్ళీ నాన్న లెక్క, మళ్ళీ బాబాయి దగ్గు, మళ్ళీ కార్మార్థెన్. పోనీ ఎటూ వద్దు, ఇక్కడే ఈ బల్లలో కూర్చుంటే. కూర్చోవడం ఎంత తేలిక. మోకాళ్ళు వంగబోయాయి కూడా. తన వెనక ముత్తాత, తాత, అందరూ తడి భుజాలతో వరసగా కూర్చుని, రా అమ్మా, జరిగి చోటిస్తాం అంటున్నట్టే ఉంది. మహానుభావులు. మీకో నమస్కారం. ఆమె బల్ల అంచు వదిలి నడిచింది, గడియారం వైపు, తన వైపు.

దగ్గరికి వచ్చిన అడుగుల చప్పుడు గుర్తుపట్టి నాన్న తల వంచి, ఆమెకి మాత్రమే వినిపించేలా అన్నాడు.

"అమ్మాయ్, లెక్కకి నీ ఓటు అక్కర్లేదు."

"తెలుసు నాన్నా," అంది కెజియా. "వేస్తున్నాను."